వారమునకు పది షిల్లింగులు: టాల్‌పడిల్ కూలీల చరిత్ర

ఇటువంటి శతవార్షిక సంచికలలో మిషనెరీల పేర్లు, దేవాలయములకు పునాదిరాళ్లు వేసిన తేదీలు, మొదటి బాప్తిస్మములు పొందిన కుటుంబముల వివరములు చదువుతాము. అవి మనకు కావలసినవే. అయితే ఆ మిషనెరీలను పంపిన దేశములో, వారు ఓడ ఎక్కి మన తెలుగు ప్రాంతమునకు రాకముందే జరిగిన ఒక సంగతి మన సంఘస్థులలో చాలమందికి తెలియదు. అది ప్రభువుల చరిత్ర కాదు, బిషప్పుల చరిత్ర కూడ కాదు. వారమునకు పది షిల్లింగుల కూలి అడిగిన పొలము పనివారి చరిత్ర. అందులో ఒక బోధకుడు ఉన్నాడు. ఒక గ్రామ గురువు ఉన్నాడు. ఇచ్చిన మాట ఉన్నది, ఆ మాట తప్పుట కూడ ఉన్నది. జీతము పెంచమని యజమానిని అడుగుట విశ్వాసికి తగునా అనే ప్రశ్న మన ఇండ్లలోను కమిటీలలోను వచ్చినప్పుడెల్ల మాకు ఈ చరిత్ర జ్ఞాపకము వస్తుంది. కనుక దానిని సంఘము ఎదుట ఉంచుతున్నాము.

ఆ కాలపు పల్లె

ఇంగ్లాండు దక్షిణ భాగమున డార్సెట్ అనే జిల్లా ఉన్నది. దాని ముఖ్యపట్టణము డార్చెస్టర్. ఆ పట్టణమునకు కొద్ది మైళ్ల దూరములో టాల్‌పడిల్ అనే చిన్న గ్రామము. అక్కడ భూమి కొద్దిమంది చేతులలో ఉండేది. భూస్వామి దగ్గర రైతు కౌలుకు తీసుకొనేవాడు, రైతు దగ్గర కూలీ పనిచేసేవాడు. ఈ మూడంతస్తుల నిర్మాణము మన పల్లెలలోనివారికి వేరుగా వివరించనక్కరలేదు.

నెపోలియనుతో యుద్ధములు 1815లో ముగిసిన తరువాత ధాన్యము ధరలు పడిపోయాయి. కౌలు మాత్రము తగ్గలేదు. రైతు తన నష్టమును కూలి తగ్గించి పూడ్చుకొన్నాడు. దక్షిణ జిల్లాలలో మరొక చెడ్డ అలవాటు కూడ ఉండేది. కూలి చాలని కుటుంబమునకు గ్రామములో వసూలైన పేదల పన్ను నుండి కొంత కలిపి ఇచ్చేవారు. అది దయగానే మొదలైనది. కాని తక్కువ కూలి ఇచ్చినా మిగతాది గ్రామము భరిస్తుందని రైతులు గ్రహించారు. తగిన కూలి ఇవ్వవలసినచోట ధర్మము పెట్టితే ఏమవుతుందో ఇందులో చూడవచ్చును. కూలీ తన కష్టార్జితమునకే చెయ్యి చాపవలసి వచ్చింది.

దీనికి తోడు నూర్పిడి యంత్రములు వచ్చి చలికాలపు పని పోయింది. 1830లో దక్షిణ జిల్లాల కూలీలు లేచి యంత్రములను విరుగగొట్టారు, గడ్డివాములు తగులబెట్టారు. ప్రభుత్వము 19 మందిని ఉరితీసింది, దాదాపు 500 మందికి ద్వీపాంతరవాస శిక్ష విధించింది. టాల్‌పడిల్ కూలీలు ఈ దారి త్రొక్కలేదు. వారు అడుగుదామనుకొన్నారు.

గురువు ఎదుట జరిగిన ఒప్పందము

ఆ గ్రామములో జార్జి లవ్‌లెస్ అనే పొలము కూలీ ఉండేవాడు. ఆయన వెస్లియన్ మెథడిస్టు స్థానిక బోధకుడు. వారమంతా నాగలి పట్టి, ఆదివారము చుట్టుప్రక్కల పల్లెలకు నడిచి వెళ్లి వాక్యము చెప్పేవాడు. స్వయముగా చదువుకొని కొద్ది పుస్తకములు కూడబెట్టుకొన్నాడు. భార్యయు ముగ్గురు పిల్లలును కలవాడు. మన పల్లెలలో జీతము లేక సంఘమును నడిపించిన పెద్దలను ఎరిగినవారికి ఈయన క్రొత్తవాడు కాడు.

1831, 1832 సంవత్సరములలో గ్రామ కూలీలు కూడుకొని తమ యజమానులను కలిసి కూలి పెంచమని అడిగారు. చుట్టుప్రక్కల రైతులు ఎంత ఇస్తే తామును అంత ఇస్తామని టాల్‌పడిల్ రైతులు ఒప్పుకొన్నారు. గ్రామ గురువు డాక్టర్ వారెన్ ఆ సమయమున అక్కడే ఉన్నారు. ఈ ఒప్పందమునకు తాను సాక్షినని, నెమ్మదిగా పనిలోనికి వెళ్లండని, యజమానులు మాట తప్పితే మీకు న్యాయము జరిగేటట్టు తానే చూస్తానని, దేవుని పేరెత్తి ఆయన మాట ఇచ్చినట్టు లవ్‌లెస్ తరువాత వ్రాశాడు. కూలీలు నమ్మి పనిలోనికి వెళ్లారు. గురువుగారి మాట కంటె గట్టి కాగితము ఏమి కావాలి?

తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు

చుట్టుప్రక్కల కూలి వారమునకు 10 షిల్లింగులు. టాల్‌పడిల్‌లో ఇచ్చినది 9. కొన్ని నెలలకు దానిని 8 చేశారు. 20 షిల్లింగులైతే ఒక పౌను. ఈ లెక్కన ఒక కుటుంబము అద్దె, రొట్టె, బంగాళాదుంపలు, కట్టెలు, చెప్పులు అన్నియు వారమునకు అరపౌను కంటె తక్కువలో గడుపుకోవాలి.

కూలీలు అప్పటికీ అల్లరి చేయలేదు. దగ్గరలోని ఒక మేజిస్ట్రేటు వద్దకు వెళ్లి సలహా అడిగారు. ఆయన సలహా ప్రకారము జిల్లా మేజిస్ట్రేటుల ఎదుటికి వెళ్లారు. కూలీల పక్షమున మాట్లాడుటకు ఏర్పడినవారిలో లవ్‌లెస్ ఒకడు. మేజిస్ట్రేటులలో ముఖ్యుడు జేమ్స్ ఫ్రాంప్టన్ అనే భూస్వామి. యజమాని ఎంత ఇస్తే అంతకే పని చేయవలెనని, ఇంత కూలి ఇవ్వవలెనని యజమానిని నిర్బంధించే చట్టము ఏదియు లేదని వారికి చెప్పారు. అప్పుడు కూలీలు తమ సాక్షిని జ్ఞాపకము చేశారు. డాక్టర్ వారెన్ తాను అటువంటి మాటేదియు అనలేదన్నారు.

ఇది లవ్‌లెస్ 1837లో అచ్చు వేయించిన తన చిన్న పుస్తకములో చెప్పిన సంగతి. ఈ సందర్భమున ఒక విషయము ఆలోచించవలెను. ఆ కాలపు ఇంగ్లాండు గ్రామ గురువు జీవనము చాలవరకు దశమ భాగముల మీద నడిచేది. వాటిని చెల్లించేది రైతులు. భూస్వాములతో కలిసి భోజనము చేసేవాడు, కూలీలకు బోధ చేసేవాడు. సాక్ష్యము చెప్పవలసిన రోజు వచ్చినప్పుడు ఎవరికి కోపము తెప్పించవలెనో ఆయన ఎంచుకోవలసి వచ్చింది. వారెన్‌గారిని తూలనాడుట మా ఉద్దేశము కాదు. ఆ పీఠము మీద కూర్చున్న ప్రతి గురువుకు ఆ శోధన ఉన్నదని చెప్పుటే మా ఉద్దేశము.

ఆ తరువాత కూలి 7 షిల్లింగులకు దిగింది. ఇక 6 ఇస్తామని కబురు వచ్చింది. అనుకొన్న పదిలో నాలుగు పోయినట్టు. ఇంత కూలితో నిజాయితీగా బ్రతుకుట సాధ్యము కాదని లవ్‌లెస్ అభిప్రాయము. దొంగిలించుట, అప్పు చేయుట, లేక కలిసి నిలబడుట: వీటిలో వారు మూడవది ఎన్నుకొన్నారు.

సంఘము, ప్రమాణము, తీర్పు

1833 అక్టోబరులో కూలీలు వ్యవసాయ కార్మికుల స్నేహ సంఘమును ఏర్పరచుకొన్నారు. చేరుటకు ఒక షిల్లింగు, వారమునకు ఒక పెన్నీ చందా. హింస చేయరాదని వారి నియమములలో ఉన్నది. థామస్ స్టాండ్‌ఫీల్డ్ ఇంటి మేడగదిలో కూడేవారు. డిసెంబరులో క్రొత్తవారిని చేర్చుకొనునప్పుడు ఆ కాలపు సంఘముల వాడుక చొప్పున కండ్లకు గంతలు కట్టి, సంఘపు సంగతులు బయట చెప్పమని ప్రమాణము చేయించారు. ఆ ప్రమాణమే వారికి ఉరి అయింది.

కార్మికులు సంఘముగా చేరుట ఆనాటికి నేరము కాదు. దానిని నిషేధించిన చట్టములు 1824లోనే రద్దు అయ్యాయి. కాని ఫ్రాంప్టన్ హోం మంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌కు వ్రాయగా, 1797 నాటి ఒక చట్టమును వెదకి తీశారు. నౌకాదళములో తిరుగుబాటు జరిగినప్పుడు నావికుల రహస్య ప్రమాణములను అణచుటకు చేసిన చట్టమది. దానిని నాగలి పట్టే కూలీల మీద ప్రయోగించారు.

1834 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున ఆరుగురిని పట్టుకొన్నారు. జార్జి లవ్‌లెస్, ఆయన తమ్ముడు జేమ్స్ లవ్‌లెస్, వారి బావ థామస్ స్టాండ్‌ఫీల్డ్, ఆయన కుమారుడు జాన్, జేమ్స్ బ్రైన్, జేమ్స్ హామెట్. వీరిలో ఎక్కువమంది మెథడిస్టులు. జాన్, బ్రైన్ ఇరవై దాటీ దాటని యువకులు. హామెట్ ఆ రాత్రి కూటమిలో లేనేలేడని, అక్కడ ఉన్నది ఆయన సహోదరుడని, అయినను నోరు విప్పక ఆ శిక్షను తన మీద వేసుకొన్నాడని చెబుతారు.

మార్చి నెలలో డార్చెస్టర్ కోర్టులో విచారణ జరిగింది. తాము ఎవరి ప్రాణమునకు గాని ఆస్తికి గాని కీడు తలపెట్టలేదని, భార్యాబిడ్డలు ఆకలిచే నశించకుండ కాపాడుకొనుటకే చేరితిమని లవ్‌లెస్ కాగితము మీద వ్రాసి ఇచ్చాడు. మార్చి 19న ఆరుగురికి ఏడేసి సంవత్సరముల ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఐదుగురిని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు పంపారు. లవ్‌లెస్ జబ్బుపడి వెనుకబడగా, ఆయనను తరువాతి ఓడలో నేటి టాస్మేనియాకు పంపారు. గ్రామములో మిగిలిన భార్యలు పేదల నిధి నుండి సహాయము అడిగితే నిరాకరించారు.

మరియొక గురువు

ఒక గురువు సాక్ష్యము తప్పాడు గనుక గురువులందరు అట్టివారే అనుకోరాదు. వార్విక్ పట్టణములోని సెయింట్ నికొలాస్ దేవాలయ గురువు డాక్టర్ ఆర్థర్ వేడ్ ఈ కూలీల పక్షమున నిలిచారు. 1834 ఏప్రిల్ 21న లండనులోని కోపెన్‌హేగన్ మైదానము నుండి వేలాది కార్మికులు ఊరేగింపుగా బయలుదేరినప్పుడు, తన గురు వస్త్రములు ధరించి గుర్రమెక్కి ముందు నడిచారు. రెండు లక్షలకు పైగా సంతకములున్న అర్జీని వారు మోసికొనిపోయారు. జనసమూహముతో వచ్చినదని మెల్‌బోర్న్ ఆ రోజు దానిని అందుకొనలేదు. కాని అడుగుట ఆగలేదు. లండనులోని కమిటీ ఒకటి చందాలు పోగుచేసి ఆ కుటుంబములను పోషించింది. పార్లమెంటులో ప్రశ్నలు వేశారు. చివరకు 1836 మార్చిలో ఆరుగురికి పూర్తి క్షమాపణ ప్రకటించబడింది. లవ్‌లెస్ ఆ సంగతి టాస్మేనియాలో ఒక వార్తాపత్రికలో చూచి తెలిసికొన్నాడు.

ఆయన 1837లో, నలుగురు 1838లో, హామెట్ 1839లో ఇంటికి చేరారు. హామెట్ తప్ప మిగిలిన ఐదుగురు కొంతకాలమునకు కెనడాకు వలసపోయి, ఒంటారియోలోని లండన్ అనే ఊరి దగ్గర భూమి చేసుకొన్నారు. లవ్‌లెస్ 1874లో చనిపోయాడు. అక్కడ సిలోయము అనే పేరుగల శ్మశానములో ఆయన సమాధి ఉన్నది. హామెట్ మాత్రము టాల్‌పడిల్‌కే తిరిగివచ్చి, 1891లో డార్చెస్టర్ పేదల ఆశ్రమములో కన్నుమూశాడు. ఆయన సమాధి తన గ్రామపు గుడి ఆవరణలోనే ఉన్నది. 1912లో ఆ గ్రామపు మెథడిస్టు ప్రార్థనాలయము ముందు వారి జ్ఞాపకార్థము ఒక తోరణ ద్వారము కట్టారు. కూలి తగదన్న ఊరిలోనే వారి పేర్లు రాతిలో చెక్కబడినవి.

అడిగినవారి వారసులు

విత్తనము చనిపోలేదు. డెవన్ జిల్లాలోని హాల్బర్టన్ గ్రామ గురువు ఎడ్వర్డ్ గర్డిల్‌స్టన్ 1866 నుండి తన గ్రామ కూలీల తక్కువ కూలిని గురించి బహిరంగముగా మాట్లాడారు. రైతులు వినకపోగా, ఎక్కువ కూలి దొరికే జిల్లాలకు కూలీల కుటుంబములను తానే పంపించారు. కొన్ని సంవత్సరములలో నాలుగైదు వందలమంది ఆ విధముగా వెళ్లారు. 1872 ఫిబ్రవరిలో వార్విక్ జిల్లాలోని వెల్స్‌బోర్న్ గ్రామమున ఒక చెట్టుక్రింద కూలీలు కూడగా, జోసెఫ్ ఆర్చ్ వారితో మాట్లాడాడు. ఆయన కూడ స్థానిక బోధకుడే, ప్రిమిటివ్ మెథడిస్టు. ఆ కూటమి నుండి జాతీయ వ్యవసాయ కార్మిక సంఘము పుట్టింది. 1885లో ఆర్చ్ పార్లమెంటు సభ్యుడయ్యాడు.

మన దేశమున 1918 ఈ విషయములో జ్ఞాపకముంచుకోదగిన సంవత్సరము. అహమదాబాదు మిల్లు కార్మికులు 50 శాతము పెంపు అడిగారు, యజమానులు 20 శాతము ఇస్తామన్నారు. గాంధీగారు మిల్లుల లాభములు, బజారు ధరలు, బొంబాయి కూలి పరిశీలించి 35 శాతము న్యాయమని తేల్చి, కార్మికులను ఆ అంకెకు ఒప్పించారు. మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ సహోదరి అనసూయ కార్మికుల పక్షమున నిలిచారు. మార్చి 15న గాంధీగారు నిరాహారము మొదలుపెట్టగా, 18న రాజీ కుదిరింది. మధ్యవర్తి చివరకు 35 శాతమే తీర్పు చెప్పారు. అదే సంవత్సరము ఏప్రిల్‌లో మద్రాసు మిల్లు కార్మికులు బి. పి. వాడియా నాయకత్వమున సంఘము కట్టుకొన్నారు. దాని నాయకుల మీద హైకోర్టులో దావా నడిచింది. అక్కడ కూడ కార్మికుల మీద కోర్టులనే ప్రయోగించారు. అటువంటి దావాల నుండి కాపుదల ఇచ్చే కార్మిక సంఘముల చట్టము 1926లో వచ్చింది. కనీస వేతనముల చట్టము 1948లో వచ్చింది. ఇంత ఇవ్వవలెనని నిర్బంధించే చట్టము లేదని టాల్‌పడిల్ కూలీలకు చెప్పిన మాటకు అది మన దేశము ఇచ్చిన జవాబు అనుకోవచ్చును.

వారు అడిగిన విధానము

ఈ చరిత్రలో జీతము అడిగే పద్ధతి కూడ ఉన్నది. మొదటిది, వారు ఒంటరిగా అడుగలేదు, కలిసి అడిగారు. ఒక్కడు అడిగితే వాడిని తీసివేసి మరొకని పెట్టుకోవచ్చును. రెండవది, వారు ఊరకే ఎక్కువ ఇవ్వండి అనలేదు. ప్రక్క ఊరిలో పది, మాకును పది అన్నారు. పోలికతో కూడిన అంకె వాదమును సగము గెలుస్తుంది. మూడవది, యజమాని, మేజిస్ట్రేటు, జిల్లా అధికారులు అని క్రమముగా ఒక్కొక్క మెట్టు ఎక్కారు. నాలుగవది, ఏ మెట్టు మీదను చెయ్యి ఎత్తలేదు. ఒక్క లోపము మాత్రము ఉన్నది. ఒప్పందము కాగితము మీద లేదు. ఒక పెద్దమనిషి మాట మీద నిలిచిన ఒప్పందము ఆ పెద్దమనిషితోనే పడిపోయింది.

యాకోబు లాబాను దగ్గర పనిచేసిన సంగతి మనము బాల్యము నుండి వింటున్నాము. జీతము పదిమార్లు మార్చబడినదని యాకోబు మొరపెట్టుకొన్నాడు. ఆ మొరను దేవుడు గొణుగుడుగా ఎంచలేదు. కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము విధించింది. బిగపట్టిన కూలి తానే మొరపెడుతుందని యాకోబు పత్రిక చెబుతుంది. జీతముతో తృప్తిపొందమని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన మాటను కొందరు ఎత్తి చూపుతారు. ఆ మాట ఆయుధములు చేతబట్టి ప్రజలను దోచగలిగిన సైనికులకు చెప్పినది. ఆకలిగొన్న కూలీకి చెప్పినది కాదు.

మన సంఘమునకు

మన సంఘముల పితరులలో ఎక్కువమంది పొలము పనివారే. గింజల కూలి ఎరిగినవారే, వెట్టి ఎరిగినవారే. ఉగాదికి పాలేరు జీతము మాట్లాడుకొనునప్పుడు దొర వాకిట నిలబడి, ఒక్క బస్తా ఎక్కువ అడుగుటకు నోరు రాక తిరిగివచ్చిన తాతలు మనకున్నారు. వెట్టిచాకిరీ కట్టుబాట్లు రద్దుచేసిన కేంద్ర చట్టము 1976లో గాని రాలేదు. తెలంగాణములో మెదకు ప్రాంతమునకు సువార్త తెచ్చినది కూడ వెస్లియన్ మెథడిస్టులే. లవ్‌లెస్ బోధించిన సంఘమునకును మనకును ఈ విధముగా చుట్టరికము ఉన్నది.

నేడు మనలో అనేకులు ఉద్యోగస్థులైనారు. కొందరు యజమానులైనారు. సంఘము కూడ యజమానియే. గుడి కావలివాడు, హాస్టలు వంటమనిషి, పాఠశాల ఆయా, పల్లె తిరిగే బైబిలు స్త్రీ, వీరందరు సంఘము చేతిలో జీతము తీసుకొనేవారు. వారిలో ఒకరు అర్జీ పెట్టినప్పుడు, ఇది సేవ గదా, దేవుడే చూచుకొంటాడు అనే మాట కమిటీలలో వినబడుట కలదు. సేవ అనే మాట గొప్పది. కాని దానిని జీతము తగ్గించుటకు వాడితే, పేదల పన్నుతో కూలి తగ్గించిన రైతుల లెక్కకే మనమును చేరుతాము. దేవుడు చూచుకొంటాడన్నది నిజమే. అర్జీ పెట్టినవానినే గాక అర్జీ చదివినవారిని కూడ ఆయన చూచుకొంటాడు.

కనుక పెద్దలకు మా మనవి ఇది. ఎవరి జీతము ఎంత, ఎప్పుడు పెరుగుతుంది అన్నది మాట మీద వదలక మినిట్సు పుస్తకములో వ్రాయించండి. ప్రక్క సంస్థలలో అదే పనికి ఎంత ఇస్తున్నారో తెలిసికొనండి. ఇవ్వలేకపోతే నిధి లెక్క చూపి ఎందుకు ఇవ్వలేమో చెప్పండి, ఎప్పుడు ఇస్తామో కూడ చెప్పండి. గురువులమైన మేము ఇరుపక్షముల మధ్య సాక్షులుగా పిలువబడితే, విన్న మాటను ఎవరి ఎదుటనైనను తిరిగి చెప్పగలవారమై ఉండవలెను. అడుగవచ్చినవారు కూడ భయపడక, అంకె చేతబట్టుకొని, నలుగురితో కలిసి రండి. వారు వచ్చినప్పుడు మనము చేయవలసిన మొదటి పని పెద్దది కాదు. వారికి ఒక కుర్చీ వేసి, వారి ఇంటి లెక్క చివరివరకు వినుట.